జూ నుంచి జూకి: వేర్వేరు ఊళ్ల జంతు ప్రదర్శనశాలలు చూసేవారికి తరచుగా వచ్చే సందేహాలు

ఏ ఊరు వెళ్లినా ఒక పూట అక్కడి జూకు కేటాయించడం నాకు చాలా ఏళ్ల అలవాటు. అది తెలిసినవాళ్లు ప్రయాణానికి ముందు ఫోను చేస్తారు. అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు. అందుకే వాటిని వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## బయలుదేరే ముందు

తీరా వెళ్లాక గేటు మూసి ఉంటే? ఏ జూకి ఏ రోజు సెలవు?

మన దేశంలో ప్రతి జూ వారానికి ఒక రోజైనా సందర్శకులకు మూసి ఉండాలని నిబంధన ఉంది. ఆ రోజు ఊరిని బట్టి మారుతుంది. హైదరాబాదు, విశాఖపట్నం, భువనేశ్వర్ నందనకానన్‌లకు సోమవారం సెలవు. తిరుపతి, మైసూరు, బెంగళూరు బన్నేరుఘట్ట, చెన్నై వండలూరులకు మంగళవారం. కోల్‌కతా, డార్జిలింగ్‌లకు గురువారం, ఢిల్లీకి శుక్రవారం. పండుగల్లో, వేసవి సెలవుల్లో ఈ రోజులు మారుస్తుంటారు కాబట్టి ముందు రోజు ఒకసారి కనుక్కోండి. మన ఊళ్లో సోమవారం సెలవు కదా అనుకుని, మంగళవారం పొద్దున్నే మైసూరు జూ గేటు ముందు పిల్లలతో నిలబడిపోయిన కుటుంబాలను నేను చూశాను.

మూడేళ్ల పాపతో వెళుతున్నాం. ఎంతసేపు పడుతుంది?

మొత్తం చూడాలని పట్టుబట్టకండి. హైదరాబాదు జూ సుమారు 380 ఎకరాలు. అంతా నడిస్తే పెద్దవాళ్ల కాళ్లే పడిపోతాయి. పసిపిల్లలకు రెండు గంటలు, ఐదారు జంతువులు చాలు. బ్యాటరీ బండి టికెట్ తీసుకుని, మీరు నిజంగా చూడాలనుకున్న చోట దిగి, అక్కడే కాసేపు నిలబడండి. పిల్లలు పులి కంటే పక్కనున్న ఉడతను ఎక్కువసేపు చూస్తే చూడనివ్వండి.

ఏ కాలంలో, ఏ వేళకు వెళితే జంతువులు బాగా కనిపిస్తాయి?

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, గేటు తెరిచిన మొదటి గంటన్నర. రాత్రంతా గదుల్లో ఉన్న జంతువులను అప్పుడే బయటికి వదులుతారు. వాసనలు చూస్తూ, మూత్రంతో హద్దులు గుర్తు పెట్టుకుంటూ, గడ్డిలో దొర్లుతూ చురుగ్గా ఉంటాయి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు చాలావరకు నిద్రే. వాన వెలిసిన సాయంత్రం దొరికితే మాత్రం అది అదృష్టం. నెమళ్లు, జింకలు, తాబేళ్లు అన్నీ బయటికి వస్తాయి.

వేసవిలో తప్పనిసరై వెళ్లాల్సి వస్తే మరొకటి గమనించవచ్చు. ఎండకు జూ వాళ్లు ఏం చేశారో చూడండి. తడిపిన గోనె పట్టాలు, నీళ్లు చిమ్మే గొట్టాలు, చల్లటి పుచ్చకాయ ముక్కలు, నీడ కోసం వేసిన తడికలు కనిపిస్తున్నాయా? ఆ జూను నడిపేవారి శ్రద్ధ ఏప్రిల్, మే నెలల్లో తెలిసినంతగా డిసెంబరులో తెలియదు.

ఇంటి నుంచి పులిహోర, నీళ్ల సీసాలు తీసుకెళ్లనిస్తారా?

నీళ్లు తీసుకెళ్లండి. ప్లాస్టిక్ సీసాలకు కొన్ని జూలలో ముందుగా కొంత సొమ్ము కట్టించుకుని, తిరిగి చూపిస్తే వాపసు ఇస్తారు. తినుబండారాల విషయంలో ఒక్కో చోట ఒక్కో పద్ధతి. ఎక్కడైనా స్టీలు డబ్బా, స్టీలు సీసా తీసుకెళితే గేటు దగ్గర ఇబ్బంది తక్కువ. జింక పొట్టలోకి చేరిన ప్లాస్టిక్ సంచి దాని ప్రాణం తీస్తుంది కాబట్టి ఈ తనిఖీ మీద విసుక్కోవద్దు.

## ఏ ఊరి జూ చూడాలి?

హైదరాబాదా, విశాఖా? ఒక్కటే చూడగలం.

వీలైనన్ని రకాల జంతువులను ఒకే రోజు చూడాలంటే హైదరాబాదు. 1963లో మీర్ ఆలం చెరువు పక్కన ప్రజలకు తెరిచిన నెహ్రూ జూలాజికల్ పార్కు ఇది. అంతకుముందు నగరంలోని జూ బాగ్-ఎ-ఆమ్‌లో, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉండేది. అక్కడి నుంచి 1963లో తరలివచ్చిన ఒక గాలపాగోస్ తాబేలు 2024 వరకు జీవించింది. దాని వయసు సుమారు 125 ఏళ్లని అంచనా. మా ఇంట్లో మూడు తరాల వాళ్లు ఆ ఒక్క తాబేలునే చూశారు. ఇప్పుడు ఆ వైపు వెళితే అడుగు దానంతట అదే నెమ్మదిస్తుంది.

చెట్టూ చేమా మధ్య తిరగాలంటే విశాఖ. 1977లో ప్రజలకు తెరిచిన ఇందిరాగాంధీ జూలాజికల్ పార్కు కంబాలకొండ అడవిలో భాగం. 625 ఎకరాలు. మూడు వైపులా తూర్పు కనుమలు, నాలుగో వైపు సముద్రం. జాతీయ రహదారి వైపు ఒక గేటు, సాగర్‌నగర్ వైపు మరొకటి ఉన్నాయి. ఏ వైపు దిగాలో ముందే అనుకోండి.

విశాఖలో తప్పక చూడాల్సినవి రేసుకుక్కలు. గుంపుగా వేటాడే ఈ అడవి కుక్కల సంతతిని కాపాడే పని ఆ జూకు అప్పగించారు. అవి మొరగవు, ఈలలాంటి కూతతో పిలుచుకుంటాయి. నా మటుకు నాకు, నడక సుఖం కోసం విశాఖ ముందు. పిల్లలు ఏనుగు, జిరాఫీ, ఖడ్గమృగం అని జాబితా చదువుతుంటే హైదరాబాదు.

తిరుపతి జూ అంత పెద్దదంటారు, మా వాళ్లేమో లోపల ఏమీ లేదన్నారు. ఏది నిజం?

మీ వాళ్లు చెప్పింది వాళ్లకు కనిపించినంత వరకు నిజమే. 1987లో ఏర్పాటైన శ్రీ వేంకటేశ్వర జూలాజికల్ పార్కు విస్తీర్ణం సుమారు 5,532 ఎకరాలు, శేషాచలం కొండల పాదాల దగ్గర. అందులో ఎక్కువ భాగం అడవిగానే వదిలేశారు. ఒక ఎన్‌క్లోజరుకూ, అంటే జంతువును ఉంచే ఆవరణకూ, మరో దానికీ చాలా దూరం ఉంటుంది. దర్శనం ముగించుకుని అలసిపోయి వచ్చినవాళ్లకు అది ఖాళీగా అనిపిస్తుంది. అక్కడి జంతువుకు మాత్రం ఆ దూరమే ప్రశాంతత. కొండ దిగిన రోజే కాకుండా మర్నాడు ఉదయం వెళ్లండి, వాహనంలో తిరగండి. సర్కసుల నుంచి విడిపించిన సింహాలకు, పులులకు ఆశ్రయమిచ్చిన చోట్లలో ఇది కూడా ఒకటి.

మైసూరు జూను అందరూ అంత గొప్పగా చెబుతారెందుకు?

శుభ్రత, నీడ, దారి. ఈ మూడూ ఉన్నాయి కాబట్టి. చామరాజేంద్ర ఒడయార్ కాలంలో, 1892లో మొదలైన జూ అది. విస్తీర్ణం 157 ఎకరాలే. అయినా ఒకసారి లోపలికి అడుగు పెడితే దారే మిమ్మల్ని వరుసగా నడిపిస్తుంది. ఎటు వెళ్లాలో తెలియక వెనక్కి తిరిగే పని ఉండదు. పాత చెట్లు గొడుగు పట్టినట్టు ఉంటాయి. గొరిల్లాలను చూడాలంటే మన దేశంలో వెళ్లవలసింది అక్కడికే. అంతకుముందు ఒంటరిగా ఉన్న గొరిల్లా 2014లో చనిపోయాక, 2021లో జర్మనీ నుంచి రెండు మగ గొరిల్లాలు వచ్చాయి. దసరా రోజుల్లో మాత్రం ఆ జూ వైపు వెళ్లకండి. మనుషులే కనిపిస్తారు.

కోల్‌కతా జూ చూసి నిరాశపడ్డాం. పాత జూలన్నీ ఇంతేనా?

పంతొమ్మిదో శతాబ్దపు జూలు ఊరి నడిబొడ్డున, రాజుల, దొరల వినోదం కోసం పుట్టాయి. మీరు చూసిన కోల్‌కతా అలీపూర్ జూ 1876 నాటిది, సుమారు 46 ఎకరాలు. తిరువనంతపురం జూ 1857లో మొదలైంది. జంతువును దగ్గరగా, కడ్డీల వెనక చూపించడమే అప్పటి ఆలోచన. 1907లో జర్మనీలోని హాంబర్గ్‌లో కార్ల్ హాగెన్‌బెక్ కడ్డీలు తీసేసి, కందకం అవతల జంతువును వదిలి చూపించాక జూల రూపమే మారడం మొదలైంది. మన దగ్గర 1950 తరవాత కట్టినవి ఎక్కువగా ఆ దారిలో నడిచాయి.

మద్రాసువారు మరో పని చేశారు. 1855లో మొదలైన జూ ఊరి మధ్య ఇరుకైపోతే మొత్తంగా ఎత్తి, 1985లో నగరం వెలుపల వండలూరులో సుమారు 600 హెక్టార్లలో మళ్లీ నిలబెట్టారు. కోల్‌కతాకు ఆ అవకాశం దొరకలేదు. అయినా అక్కడికి వెళ్లడం వృథా అనను. 2006లో చనిపోయిన అద్వైత అనే ఆల్డాబ్రా తాబేలు అక్కడే ఒక శతాబ్దానికి పైగా బతికింది.

ఢిల్లీ, డార్జిలింగ్ వెళుతున్నాం. అక్కడ ప్రత్యేకంగా ఏముంది?

ఢిల్లీ జూ పురానా ఖిల్లా గోడల పక్కన ఉంది. అక్కడ నాకు బోనులోని జంతువుల కంటే, పిలవకుండా వచ్చే అతిథులంటే ఇష్టం. వానాకాలం చివర ఎర్రకాళ్ల కొంగలు వందల సంఖ్యలో వచ్చి, జూ చెరువుల్లోని చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకుని, ఎండలు ముదరక ముందే వెళ్లిపోతాయి. మన వీరాపురం, ఉప్పలపాడు, తేలినీలాపురాలలో దిగేవి ఈ జాతి కొంగలే. సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్లగలిగితే పులిని తరవాత చూడండి.

డార్జిలింగ్ జూ 1958లో మొదలైంది. సముద్ర మట్టానికి సుమారు 7,000 అడుగుల ఎత్తు. మంచు చిరుతలు, ఎర్ర పాండాలు అక్కడి వాతావరణంలో హాయిగా పిల్లలను కంటాయి. ఆ జూకు మన హైదరాబాదు ఆడబిడ్డ పేరుంది. సరోజినీ నాయుడు కుమార్తె, పశ్చిమ బెంగాల్ గవర్నరుగా పనిచేసిన పద్మజా నాయుడు. గేటు మీద ఆ పేరు చదివినప్పుడు కలిగే సంతోషం అక్కడికి వెళ్లే తెలుగువాళ్లకు మిగతావాళ్ల కంటే కాస్త ఎక్కువ.

వరంగల్లో చిన్న జూ ఉందట, ప్రత్యేకంగా వెళ్లాలా?

రామప్ప, వేయి స్తంభాల గుడి చూడటానికి వెళ్లినప్పుడు ఒక పూట కలుపుకోండి. హనుమకొండ హంటర్ రోడ్డులో ఉంది. చిన్న జూలో రద్దీ తక్కువ, జంతువులను చూసుకునే కీపర్లకు మీతో మాట్లాడే తీరిక ఎక్కువ.

అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వెళుతున్నాం. అక్కడి జూ టికెట్టు అంత పెట్టి చూడాలా?

అన్నీ ఖరీదైనవి కావు. వాషింగ్టన్‌లోని జాతీయ జూ, సెయింట్ లూయిస్ జూ, షికాగోలోని లింకన్ పార్క్ జూలకు ప్రవేశ రుసుము లేదు. వాషింగ్టన్‌కు ముందుగా ప్రవేశ పత్రం తీసుకోవాలి. డబ్బు పెట్టి ఒక్కటే చూడాలంటే శాన్ డియాగో. అక్కడ ఊళ్లో వంద ఎకరాల జూ, ఊరి బయట 1,800 ఎకరాల సఫారీ పార్కు వేర్వేరు. రెండింటికీ ఒకే రోజు పెట్టుకోకండి. అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులుంటే చక్రాల కుర్చీ సంగతి ముందే కనుక్కోండి. శాన్ డియాగో జూ నిండా ఎత్తుపల్లాలే.

## గేటు దాటాక

అరగంట నిలబడ్డా పులి కనిపించలేదు. టికెట్టు డబ్బులు వృథాయేనా?

కనిపించకుండా ఉండగలగడం ఆ పులికి దక్కిన హక్కు. దాక్కోవడానికి పొదలు, గుహ, చెట్ల మాటు లేని ఎన్‌క్లోజరులో పులి ఎప్పుడూ కనిపిస్తుంది. దానికి విరామం ఉండదు. కీపరును మర్యాదగా అడిగితే ఏ వేళకు బయటికి వస్తుందో చెబుతారు. వేరే జంతువులు చూసుకుని ఆ వేళకు మళ్లీ రండి.

సఫారీ బండి ఎక్కాలా, నడిస్తే చాలా?

సఫారీలో జంతువు ఆరుబయట, మనం బోనులో. ఆ తేడా పిల్లలకు అనుభవంలోకి రావాలంటే ఎక్కించండి. హైదరాబాదులో 1974లోనే సింహాల సఫారీ మొదలైంది. బెంగళూరు పక్కన బన్నేరుఘట్టలో సఫారీయే ప్రధానం. ఆదివారం మధ్యాహ్నం వరుసలో గంటన్నర నిలబడాల్సి వస్తే మాత్రం, ఆ గంటన్నర పక్షుల దగ్గర గడపడమే మేలు.

నిశాచర జంతుశాలలో చీకటి తప్ప ఏమీ కనిపించలేదు.

కళ్లు అలవాటు పడేదాకా ఆగలేదు, అంతే. అక్కడ రాత్రీ పగలూ తారుమారు చేస్తారు. రాత్రి దీపాలు వెలిగించి జంతువులను నిద్రపుచ్చి, పగలు మసక వెలుతురులో మేలుకొలుపుతారు. తలుపు దాటాక నాలుగైదు నిమిషాలు గోడకు చేరబడి నిలబడండి. ఫోను వెలుతురు అసలు వేయవద్దు. మొదట ఒక కదలిక, తరవాత రెండు కళ్లు, ఆ తరవాత దేవాంగపిల్లి పూర్తి ఆకారం తేలుతుంది. తిరుమల స్వామివారి తైలం ద్వారా పేరు మాత్రమే విన్న పునుగుపిల్లిని నేను మొదటిసారి అలాంటి చీకటిలోనే చూశాను. ఆ పదినిమిషాల్లో నా పక్క నుంచి యాభై మంది ‘ఏమీ లేదు’ అంటూ వెళ్లిపోయారు.

బాబు కోతికి బిస్కెట్టు ఇస్తానని ఏడుస్తున్నాడు. ఒక్కటి వేస్తే ఏమవుతుంది?

ఆ రోజు అదే మాట అనుకున్నవాళ్లు వందల్లో ఉంటారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 38-జె సెక్షన్ ప్రకారం జూలో జంతువుకు తిండి వేయడం, రెచ్చగొట్టడం, అరుపులతో బెదిరించడం, చెత్త వేయడం నేరం. జరిమానా, జైలు రెండూ పడవచ్చు. చట్టం సంగతి అలా ఉంచి, పిల్లవాడిని ఆహారం పెట్టే వేళకు అక్కడికి తీసుకెళ్లండి. కీపరు అరటిపండ్లు, క్యారెట్లు, నానబెట్టిన శనగలు పంచడం చూస్తే ఏడుపు ఆగుతుంది.

మంచి ఫోటో కోసం కంచె దాటి రెండడుగులు ముందుకు వెళ్లవచ్చా?

వద్దు. ఏ కారణానికైనా వద్దు. 2024 ఫిబ్రవరిలో తిరుపతి జూలో కంచె దాటి సింహం ఎన్‌క్లోజరులోకి దిగిన ఒక వ్యక్తి ప్రాణాలు కోల్పోయాడు.

## పోల్చి చూసేటప్పుడు

ఏ జూ మంచిదో ఎలా తేల్చాలి? జంతువుల సంఖ్య చూడాలా, ఎకరాలు చూడాలా?

నేను రెండూ చూడను. ఒకే జంతువును ఎంచుకుని, ప్రతి ఊళ్లో దాని ముందు అరగంట నిలబడతాను. నా జంతువు ఎలుగుబంటి. మన దేశంలో పెద్ద జూలన్నిటిలో దాదాపుగా ఉంటుంది. పైగా నా చిన్నప్పుడు ముక్కుకు తాడు కట్టి వీధుల్లో ఆడించిన గుడ్డెలుగు నాకు గుర్తుంది. భయం పోతుందని దాని వెంట్రుకను తాయెత్తులో పెట్టి నా మెడలో కట్టారు. ఆ రుణం కొంత ఉంది.

అడవిలో ఎలుగుబంటి రోజంతా పని చేసే జంతువు. పొడవాటి గోళ్లతో చెదపుట్టలు తవ్వుతుంది. పై దవడలో ముందు పళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచి చెదపురుగులను గట్టిగా పీలుస్తుంది. తేనెపట్టు కోసం చెట్టెక్కుతుంది. ఇప్పపూలు, తునికి పండ్లు, రేగు పండ్లు ఏరుకు తింటుంది. తల్లి పిల్లలను వీపు మీద మోస్తుంది. కాబట్టి ఎన్‌క్లోజరు ముందు నేను వేసుకునే ప్రశ్నలు ఇవి: తవ్వడానికి దానికి మట్టి ఉందా, లేక సిమెంటు నేలేనా? ఎక్కడానికి దుంగలున్నాయా? ఆహారం ఒకేచోట గిన్నెలో పోశారా, వెతుక్కునేలా దాచారా? మనుషులు గోల చేస్తే వెనక్కి వెళ్లేందుకు చోటుందా? ఒక జూలో దుంగకు రంధ్రాలు చేసి తేనె పూశారు. ఎలుగుబంటి ముప్పావు గంట దాన్ని వదల్లేదు. మరో ఊళ్లో, పేరు చెప్పను, విశాలమైన ఎన్‌క్లోజరే అయినా లోపల ఒక్క దుంగ లేదు, ఒక్క పొద లేదు. అది గోడ మూలన కూర్చుని అరగంటా తల ఊపుతూనే ఉంది. మొదటిదానిలో స్థలం సగం కూడా లేదు. అయినా నా లెక్కలో అదే మంచి జూ.

మీరు తాబేలును ఎంచుకోండి, చిలుకను ఎంచుకోండి. జంతువు ఏదైనా ఊరూరా అదే ఉండాలి. మూడో జూకి వచ్చేసరికి మీ కంటికే తేడా తెలుస్తుంది.

చిరుత అదే గీత మీద అటూ ఇటూ తిరుగుతోంది. చురుగ్గా ఉన్నట్టేనా?

సాయంత్రం అయితే కంగారుపడవద్దు. లోపలి గదిలో ఆహారం పెట్టే వేళ దగ్గరపడితే చాలా జంతువులు గేటు దగ్గర అలా తిరుగుతాయి. ఉదయం పదింటికి, కారణం లేకుండా, ఒకే చోట మలుపు తిరుగుతూ, నేల మీద బాట పడేంతగా తిరుగుతుంటే అది విసుగుకు, ఒత్తిడికి గుర్తు. కొన్ని జంతువులకు సర్కసుల్లోనో ఇరుకు బోనుల్లోనో పట్టిన అలవాటు మంచి చోటికి వచ్చాక కూడా పోదు. అందుకే అంతా ఇప్పటి జూ తప్పే అని తీర్పు చెప్పే ముందు ఆ జంతువు ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి.

తెల్లపులి ఉంటే గొప్ప జూ అన్నట్టే కదా?

తెల్లపులి వేరే జాతి కాదు. జన్యువులో ఒక మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే ఆ రంగు పుడుతుంది. 1951లో రీవా అడవుల్లో పట్టిన మోహన్ అనే తెల్లపులి కూనే ప్రపంచంలోని చాలా తెల్లపులులకు మూలపురుషుడు. రంగు నిలబెట్టడానికి దగ్గరి రక్తసంబంధంలోనే జత కట్టించడంతో మెల్లకన్ను వంటి లోపాలు వచ్చాయి. 1980లో నందనకానన్‌లో మామూలు రంగు పులులకే తెల్ల కూనలు పుట్టడం అరుదైన విషయం. అయినా ఆ జూలో నన్ను కట్టిపడేసింది మొసలి జాతి ఘరియాల్. మన దేశంలో జూలో పెంచిన ఘరియాల్‌కు పిల్లలు పుట్టడం 1980లో అక్కడే మొదలైంది. ఒంటి నిండా పొలుసులుండే మన అలుగును పెంచి కాపాడే కేంద్రమూ అక్కడుంది. తెల్లపులిని చూడండి, ఫోటో తీసుకోండి. గొప్పతనానికి దాన్ని కొలబద్ద చేయకండి.

అసలు జంతువులను బంధించడమే తప్పు కదా? ఎందుకు వెళ్లాలి?

ఈ ప్రశ్న నన్ను కూడా వదలదు. నాకు నచ్చజెప్పిన ఒక సంగతి చెబుతాను. కుందేలంత ఉండే మూషిక జింక మన నల్లమలలో తగ్గిపోయింది. 2010లో హైదరాబాదు జూ, అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వారి లాకోన్స్ ప్రయోగశాల కలిసి కొద్దిపాటి జింకలతో సంతతి పెంచడం మొదలుపెట్టాయి. సందర్శకులకు చూపించకుండా, వాటికి భయం కలగకుండా పెంచారు. అవి వందలకు పెరిగాక కొన్నిటిని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. జూలో పుట్టిన ప్రాణి అడవికి తిరిగి వెళ్లింది.

అన్ని జూలూ ఈ పని చేయడం లేదు, అన్ని జంతువులకూ ఈ అవకాశం లేదు. వేసవిలో సిమెంటు నేల మీద ఎగశ్వాస పీలుస్తున్న తోడేలును చూసినప్పుడు నా దగ్గర జవాబు ఉండదు.

## తిరిగి వచ్చాక

జంతువు పరిస్థితి బాగోలేదనిపించింది. ఎవరికి చెప్పాలి?

ముందు అక్కడే క్యూరేటరు, అంటే జూ అధికారి కార్యాలయంలో, రాతపూర్వకంగా. ఏ ఎన్‌క్లోజరు, ఏ వేళ, మీరు చూసింది ఏమిటి అన్నది రాయండి. మీ కోపం రాయనక్కరలేదు. కదలికలో తేడా ఉంటే అర నిమిషం వీడియో ఫోటో కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. జవాబు రాకపోతే, దేశంలోని జూలన్నిటికీ గుర్తింపు ఇచ్చే సెంట్రల్ జూ అథారిటీకి పంపవచ్చు. 1992లో ఏర్పడిన ఆ సంస్థకు జూ గుర్తింపును రద్దు చేసే అధికారం కూడా ఉంది. ఒకసారి నేను ఎండిపోయిన నీటి తొట్టి గురించి ఇలాగే రాసి ఇచ్చాను. మరుసటి నెల వెళితే తొట్టికి నీళ్లు వచ్చాయి, పక్కనే ఒక వేప మొక్క కూడా నాటారు.

దత్తత అంటే జంతువును ఇంటికి ఇస్తారా? ఎంత ఖర్చు?

ఇంటికి ఇవ్వరు. ఎంచుకున్న జంతువు తిండి ఖర్చు కొంతకాలం మీరు భరిస్తారు. హైదరాబాదు, విశాఖ, మైసూరు వంటి చోట్ల ఈ పథకం ఉంది. ఏనుగు, పులి అంటే లక్షల మాట. చిన్న పక్షులకైతే మధ్యతరగతి ఇల్లు కూడా మోయగలదు. మా ఇంట్లో పిల్లల పుట్టినరోజుకు ఒక పక్షిని తీసుకుంటాం. రసీదు మీద పిల్లవాడి పేరు రాయమని అడగండి, రాస్తారు. ఆ తరవాత ఆ పక్షి దగ్గరికి వెళ్లినప్పుడు వాడు గోల చేయడు, పక్కవాళ్లను కూడా చేయనివ్వడు.